గాజు గది మాస్టారు

మాస్టారు పోయారని మొన్న వాళ్ల అబ్బాయి ఫోను చేసి చెప్పాడు. ఎనభై దాటిన మనిషి, మంచాన పడి ఎవరి చేతా చేయించుకోకుండానే వెళ్లిపోయారట. "చివరిదాకా మీ ప్రయోగశాల కబుర్లేనండీ" అన్నాడు. ఫోను పెట్టేశాక ఏ పనీ తోచలేదు. అప్పటి నుంచి మనసు వాల్తేరులోని మా రసాయన ప్రయోగశాల చుట్టూనే తిరుగుతోంది. గుర్తున్నంత వరకు రాసి పెట్టకపోతే ఈ సంగతులు చెప్పేవాళ్లు ఎవరూ మిగలరనిపించి కూర్చున్నాను.

ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు మా దగ్గర లేరు. ప్రొఫెసర్ల నుంచి అటెండర్ల దాకా అందరికీ ఆయన మాస్టారే. జీతాల పట్టీలో హోదా మాత్రం గ్లాస్ బ్లోయర్, అంటే గాజును కాల్చి ఊది ప్రయోగశాల సామాను చేసే పనివాడు. పాఠం చెప్పే ఉద్యోగం కాదు. అయినా ఒక పనికి ఏ ఆకారపు పరికరం కావాలో ఆలోచించడం నాకు నేర్పింది ఆయనే. నా పేరుతో వచ్చిన పరిశోధన పత్రాల వెనక ఆయన చేసిన సామాను ఉంది. ఆ పత్రాల చివర కృతజ్ఞతలు చెప్పేటప్పుడు స్పెక్ట్రాలు తీసి ఇచ్చినవారి పేర్లు వేసేవాళ్లం, ఫెలోషిప్ ఇచ్చిన సంస్థ పేరు వేసేవాళ్లం. గాజు పని చేసినవారి పేరు వేసే ఆనవాయితీ అప్పట్లో లేదు. ఉండవలసింది.

*

మా భవనం వెనక, సైకిళ్ల షెడ్డు దాటాక, రేకుల కప్పుతో ఒక పొడవాటి గది ఉండేది. సముద్రం వైపు కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. గాలికి మంట కదిలితే గాజు ఒక పక్కే కరుగుతుంది. అందుకని ఫ్యాను కూడా వద్దన్నారు మాస్టారు. రోహిణి కార్తె ఎండల్లో ఆ గదిలో కాసేపు నిలబడటమే మాకు గగనంగా ఉండేది. ఆయన మాత్రం మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని పొద్దస్తమానం మంట ముందే కూర్చునేవారు.

ఆ గది సంగతి ముందు చెవులకే తెలిసేది. గ్యాసు ఒక్కటే వెలిగించినప్పుడు మంట పసుపుగా, చప్పుడు లేకుండా ఊగుతూ ఉండేది. ఆక్సిజన్ మర తిప్పగానే నీలంగా సన్నబడి బుస్సుమనేది. ఆ బుసను బట్టి లోపల ఏ పని జరుగుతోందో వరండాలోంచే చెప్పగలిగేవాళ్లం. సన్నగా వినిపిస్తే చిన్న జాయింట్లు, నాళికలు. హోరుగా వినిపిస్తే పెద్ద ఫ్లాస్క్‌కు మెడ అతుకుతున్నారన్నమాట. అలాంటప్పుడు ఎవరూ లోపలికి వెళ్లి పలకరించేవారు కాదు.

గాజు వేడెక్కేసరికి అందులోని సోడియం వల్ల మంట పసుపుపచ్చగా మండి కళ్లు చెదురుతాయి. అసలు కరుగుతున్న చోటే కనపడదు. మాస్టారు లేత ఊదా రంగు డిడిమియం కళ్లద్దాలు పెట్టుకునేవారు. ఒకసారి వాటిని నాకిచ్చి చూడమన్నారు. పసుపు వెలుగంతా ఎవరో తుడిచేసినట్టు పోయింది. గాజు అంచు మాత్రం ఎర్రగా, జిగటగా కిందికి వాలుతూ, ఆయన చేయి తిరిగిన కొద్దీ మళ్లీ పైకి లేస్తూ స్పష్టంగా కనిపించింది. సోడియం కాంతి తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లని ఎన్ని పరీక్షల్లో రాశామో! దాన్ని సరిగ్గా అక్కడే పట్టి ఆపే అద్దం ఒకటుందని, ఒక మనిషి దానితో అన్నం సంపాదించుకుంటున్నాడని ఆ రోజే చూశాను.

గొట్టం రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుని ఒకే వేగంతో తిప్పుతూ ఉండాలి. కుడిచేయి రవ్వంత తొందరపడినా కరిగిన చోట మెలి పడుతుంది. నోట్లో సన్నని రబ్బరు గొట్టం. ఊదడమంటే బుగ్గలు పూరించి ఊదడం అనుకునేదాన్ని. "దీపం ఆరకూడదు, వంగాలి. అంత ఊపిరి చాలమ్మా" అనేవారు ఆయన. కొత్తగా చేరిన కుర్రవాళ్లను నెలల తరబడి గొట్టాలు కోయడానికీ, తిప్పడానికీ మాత్రమే కూర్చోబెట్టేవారు. ఆకురాయితో ఒక గీత, గీత మీద తడి వేలు, రెండు బొటనవేళ్ల ఒత్తిడి. టక్కుమని విరిగితే అంచు అద్దంలా నున్నగా రావాలి. రాకపోతే మళ్లీ.

*

నేను చేరేనాటికి ఒకదానిలో ఒకటి బిగుతుగా కూర్చునేలా అరగదీసిన జాయింట్ల సామాను మా దగ్గర అందరికీ సరిపడా లేదు. చాలా పని కార్కు బిరడాలతోనే నడిచేది. కార్కును ప్రెస్సులో పెట్టి మెత్తబరచడం, ఇత్తడి గొట్టాలతో దానికి రంధ్రం చేయడం, అందులోకి గాజు గొట్టాన్ని తడి చేసి మెల్లగా తిప్పుతూ దూర్చడం. ఉదయం ప్రయోగం మొదలుపెట్టాలంటే ముందు రోజు సాయంత్రం ఈ తతంగమంతా జరగాలి. ఇంత చేసినా ఈథర్ ఆవిరి ఎక్కడో దారి చేసుకుని బయటపడేది. రబ్బరు బిరడా పెడితే బెంజీన్ దాన్ని ఉబ్బించి, అందులోని రంగు లాగి, మన పదార్థంలో కలిపేది.

అందుకే బి-24 జాయింటును నేను ఇప్పటికీ గౌరవంగా చూస్తాను. పైన 24 మిల్లీమీటర్ల వ్యాసం, పొడవులో ప్రతి పది మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున సన్నబడే వాలు. ఆ లెక్క అందరూ ఒప్పుకోవడం వల్ల ఏ ఊళ్లో చేసిన కోను (లోపలికి దూరే భాగం) అయినా ఏ ఊళ్లో చేసిన సాకెట్‌ (దాన్ని పట్టే భాగం)లోనైనా కూర్చుంటుంది. కంటికి ఆనని ఆ ఒప్పందం రసాయన శాస్త్రవేత్తల జీవితంలోంచి ఎన్ని సాయంత్రాల చాకిరీని తీసేసిందో చెప్పలేను. మాస్టారు కార్బొరండం పొడి, నీళ్లు వేసి ఇత్తడి అచ్చు మీద జాయింట్లను తానే అరగదీసేవారు. ఆ గరగరకు పళ్లు జివ్వుమనేవి. తడి ఆరాక రెండింటినీ కలిపి ఒక్కసారి తిప్పి, వెలుతురుకు పట్టి చూసేవారు. చుట్టూ ఒకే తీరుగా అంటుకుంటేనే మాకు ఇచ్చేవారు.

కాస్టిక్ సోడా వాడిన ఫ్లాస్క్‌ను కడగకుండా వదిలేస్తే జాయింటు పట్టేసుకుంటుంది. క్షారం గాజును తింటుంది కదా. అలా పట్టేసిన సామాను పట్టుకుని తల వంచుకుని వచ్చేవాళ్లు ఆయన గది ముందు వరసగా నిలబడేవారు. తిట్టేవారు కాదు. బయటి సాకెట్‌ను మాత్రం మంట మీద గబగబా తిప్పి, చెక్క పిడితో నాలుగు వైపులా మెత్తగా తట్టేవారు. లోపలి కోను వేడెక్కక ముందే బయటిది వ్యాకోచిస్తుంది. చప్పున ఊడి వచ్చేది.

*

పగిలిన సామాను ఆయన పారేయనిచ్చేవారు కాదు. ఒక చెక్కపెట్టెలో పోగుచేసేవారు. కానీ ఆ పెట్టెలో రెండు జాతుల గాజు కలిసి ఉండేది, మామూలు సోడా గాజు, వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే బోరోసిలికేట్ తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు మూడు వంతులు పెరుగుతుంది. సోడా గాజు తొమ్మిది వంతులు. మంట మీద రెండూ కలిసిపోయినట్టే ఉంటాయి. చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా ముడుచుకుని అతుకు దగ్గర ఫట్టుమంటుంది. ఒక్కోసారి మరునాడు పొద్దున మనం తాకగానే.

వేరుచేయడానికి ఆయన ఒక గ్లాసులో గ్లిజరిన్ పోసి ఉంచేవారు. ముక్కను అందులో ముంచితే, సోడా గాజు అయితే అంచులు కనిపిస్తూనే ఉంటాయి. బోరోసిలికేట్ అయితే మాయమైపోతుంది. గ్లిజరిన్, ఆ గాజు రెండూ వెలుతురును దాదాపు ఒకే మేరకు వంచుతాయి. వక్రీభవన గుణకం రెండింటికీ 1.47 చిల్లర. కళ్ల ముందే గొట్టం ముంచుతున్నా లోపల ఏమీ లేనట్టే ఉంటుంది. మళ్లీ పైకి తీస్తే జిగటగా కారుతూ ప్రత్యక్షం. స్కూలు పిల్లలు చూడటానికి వచ్చిన రోజున మా పెద్ద పెద్ద యంత్రాల దగ్గర ఆవులించిన పిల్లలంతా ఈ గ్లాసు చుట్టూ మూగారు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ కదలరు.

జర్మనీలోని యేనాలో ఓటో షాట్ పందొమ్మిదో శతాబ్దం చివర ఈ బోరోసిలికేట్ గాజును తయారు చేయడం, 1915లో అమెరికా కార్నింగ్ కంపెనీ పైరెక్స్ పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టడం మాస్టారికి కంఠోపాఠం. "షాట్ గారు లేకపోతే మీరంతా మంట మీద ఫ్లాస్క్ పెట్టి, అది పగలకూడదని దేవుడికి దండం పెట్టుకునేవారు" అనేవారు. షాట్ గారు ఆయనకు బాగా తెలిసిన పెద్దమనిషి అన్నట్టే ఉండేది ఆ మాట.

*

వాల్తేరులో వానాకాలం రసాయన శాస్త్రవేత్తకు శత్రువు. సముద్రపు తేమ ఎక్కడెక్కడికో చొరబడుతుంది. కర్బన పదార్థాలను తయారుచేసే గ్రిగ్నార్డ్ చర్యకు తేమ చుక్క కూడా పనికిరాదు. మెగ్నీషియం తునకలు, ఆరబెట్టిన ఈథర్, ఒక అయోడిన్ పలుకు వేసి కూర్చుంటాం. అయోడిన్ గోధుమ రంగు పోయి ఈథర్ తనంతట తాను మరగడం మొదలైతే పండగే. తేమ ఉంటే అది ఎప్పటికీ మొదలు కాదు.

బయటి గాలి లోపలికి రాకుండా, ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్ పైన కాల్షియం క్లోరైడ్ నింపిన గార్డు గొట్టం పెడతారు. అది తేమను పీల్చుకుంటుంది. అయితే శ్రావణ భాద్రపదాల్లో మా ఊరి గాలికి ఆ కాల్షియం క్లోరైడ్ ఎంత తేమ పీల్చుకునేదంటే, గంటల్లో అదే కరిగి నీరయ్యేది. గొట్టం నిటారుగా ఉంటుంది కాబట్టి ఆ నీరు దూది దాటి, కండెన్సర్ గుండా సరాసరి చర్య జరుగుతున్న ఫ్లాస్క్‌లోకే దిగేది. కాపలా పెట్టినదే దొంగ. నా ముందు చేరిన ఒక సీనియర్ ఈ బాధతో ఆ చర్యను శీతాకాలానికి వాయిదా వేసుకునేవాడు. మార్గశిరం వచ్చేదాకా వేరే పని.

నేను మాస్టారి దగ్గరికి వెళ్లి ఈ గోడు చెప్పుకున్నాను. ఆయన మొదట పరికరం గురించి అడగలేదు. "నీరు ఎక్కడ పుడుతోంది? ఎంతసేపటికి? చుక్కలా పడుతుందా, గోడ వెంట జారుతుందా?" అని అడిగారు. నాకు తెలియలేదు. వెళ్లి చూసి రమ్మన్నారు. ఒక మధ్యాహ్నమంతా కండెన్సర్ ముందు స్టూలు వేసుకుని చూశాను. నీరు చుక్కగా పడటం లేదు. గోడ వెంట జారుతోంది. అది వెళ్లి చెప్పాను.

సుద్దముక్కతో బల్ల మీదే గీశారు. కోను నుంచి గొట్టం పైకి లేస్తుంది. పైన వంపు తిరిగి కిందికి దిగుతుంది. దిగిన చోట నిమ్మకాయంత బల్బు. ఆ బల్బు పక్క నుంచి మళ్లీ పైకి లేచిన వెడల్పాటి భాగంలో కాల్షియం క్లోరైడ్. అది కరిగి నీరైతే బల్బులో పడుతుంది. అక్కడి నుంచి వంపు ఎక్కి ఫ్లాస్క్‌లోకి రాలేదు. నేను "దూది జారిపోతుంది కదా" అన్నాను. కాసేపు చూసి, గొట్టానికి మూడు వైపుల నుంచి లోపలికి మూడు చిన్న గుంటలు గీశారు. దూది వాటి మీద ఆగుతుంది. గుంటల మధ్య గాలికి దారి ఉంటుంది. లవణం గడ్డకట్టి దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి ప్రమాదం కదా, అందుకని పై భాగం మామూలు గార్డు గొట్టం కన్నా బాగా వెడల్పు చేశారు.

తయారుచేసేటప్పుడు చూడనిచ్చారు. గొట్టంలో ఒక చోట మంట సన్నగా తగిలించి, రెండు చేతులూ దగ్గరికి జరుపుతూ గాజును పోగుచేశారు. ఆ ముద్ద మెరుస్తూ వేలాడుతోంది. మంటలోంచి బయటికి తీసి, క్షణం ఆగి, మెల్లగా ఊదారు. ముద్ద గుండ్రంగా విచ్చుకుంది. అంత మెల్లగా విచ్చుకుంటుందని నేను అనుకోలేదు. తరువాత బల్బు పక్కన ఒక్క చుక్కంత చోటు ఎర్రబడేలా కాల్చి, చురుగ్గా ఊదారు. అక్కడ కాగితం కన్నా పలుచని బుడగ లేచింది. దాన్ని ఆకురాయితో గీరేస్తే రంధ్రం. రంధ్రం అంచునూ, అతికించవలసిన గొట్టం అంచునూ ఒకేసారి మంటలో పెట్టి తాకించారు. తాకించి వదిలేయలేదు. మళ్లీ కాల్చి ఊది, మళ్లీ కాల్చి ఊది, అతుకు గీత పూర్తిగా కరిగిపోయేదాకా. చివర ఆక్సిజన్ తగ్గించి, పసుపు మంటలో తిప్పుతూ ఆ మొత్తానికీ మసి పట్టించి పక్కన పెట్టారు.

ఆ ఏడాది వానాకాలంలో గ్రిగ్నార్డ్ ఆగలేదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ గొట్టం లేని బల్ల మా అంతస్తులో లేదు. దానికి పేరంటూ ఏమీ పెట్టలేదు. "వంకర గొట్టం" అనేవాళ్లం. ఇలాంటి వంపు గొట్టాలు లోకంలో మరెక్కడా లేవని కాదు. కేటలాగుల్లో ఉంటాయి. కానీ మా వానకు, మా గాలికి, మా అవసరానికి తగిన కొలతలు మా బల్ల దగ్గరే పుట్టాయి.

*

మా గైడు గారిది పూల రసాయనం. వాల్తేరుకు అది కొత్త కాదు. 1930లు, 40లలో టి. ఆర్. శేషాద్రి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా పత్తి పూలు, గోంగూర జాతి పూలలోని రంగు పదార్థాల మీద విస్తారంగా పనిచేశారు. హిబిసెటిన్ అనే పదార్థం గోంగూర పూల నుంచి వచ్చిందే. మేమంతా ఆ దారిలో వెనక నడిచినవాళ్లమే. చుట్టుపక్కల పల్లెల నుంచి ఎండబెట్టిన పూలు గోనెసంచుల్లో వచ్చేవి. ప్రయోగశాలంతా కొట్టు గదిలా పూల దుమ్ము వాసన.

పూలను సాక్స్‌లెట్‌లో పెట్టి ద్రావణితో కడగాలి. ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో పాలలోని కొవ్వు కొలవడానికి దాన్ని బయటపెట్టాడు. కింద ద్రావణి మరుగుతుంది. ఆవిరి పైకెక్కి కండెన్సర్‌లో చల్లబడి పూల మీద పడుతుంది. పూలున్న ఆ గది నిండగానే పక్కనున్న సన్నని సైఫన్ గొట్టం గుండా మొత్తం ఒక్కసారిగా కిందికి దిగుతుంది. గుడగుడమని ఒక శబ్దం, ఆ తరువాత నిశ్శబ్దం, మళ్లీ నిండటం. రాత్రంతా ఇదే. వరసగా నాలుగైదు సాక్స్‌లెట్లు నడుస్తుంటే ఒకదాని వెనక ఒకటి గుడగుడలాడేవి. కునుకు తీస్తున్నా, ఒకటి ఆగిపోతే వెంటనే మెలకువ వచ్చేది.

ఆగిపోవడానికి ముఖ్యకారణం నీళ్లు. ఊళ్లో నీటి ఎద్దడి. కుళాయి ఎప్పుడు ఆగుతుందో తెలియదు. పైన ఒక డ్రమ్ము, కింద ఒక డ్రమ్ము పెట్టుకుని, కింద చేరిన నీటిని బాల్చీలతో పైకి ఎత్తి పోసేవాళ్లం. తరువాత ఎడారి కూలర్లలో వాడే చిన్న మోటారు దొరకడం మొదలయ్యాక ఆ బాధ తీరింది.

రెండో బాధ సైఫన్ గొట్టం విరగడం. సన్నగా, పొడవుగా, బయటికి పొడుచుకుని ఉంటుంది. కడిగేటప్పుడు చేయి తగిలితే చాలు. దాన్ని పెద్ద ఆవిరి గొట్టానికి చిన్న గాజు కమ్మీతో కలిపి ఆనింపు ఇవ్వమని అడిగాను. మాస్టారు చేసి, నేరుగా నా చేతిలో పెట్టలేదు. వెలుతురు దాటకుండా రెండు పోలరాయిడ్ పలకలు ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన చిన్న పెట్టెలో బల్బు వెలిగించి, మధ్యలో సాక్స్‌లెట్ పట్టి చూపించారు. చుట్టూ చీకటి. ఆనింపు దగ్గర మాత్రం తెల్లటి వెలుగు చారలు. "అక్కడ గాజు ఇంకా లాక్కుంటోందమ్మా. ఇప్పుడు ఇస్తే రేపటికి చీలుతుంది" అన్నారు. ఇటుకలు, నైక్రోమ్ తీగతో తానే కట్టుకున్న కొలిమిలో 560 డిగ్రీల దాకా వేడిచేసి రాత్రంతా దానంతట అది చల్లారనిచ్చారు. మరునాడు అదే పెట్టెలో చూస్తే చారలు లేవు. ఒక చోట బలం ఇవ్వాలనుకుంటే ఇంకో చోట ఒత్తిడి పుడుతుందని, ఆ ఒత్తిడిని కూడా తీసేయకపోతే చేసిన మేలు కీడవుతుందని ఆ చారల్లో కళ్లారా చూశాను.

మూడోది ద్రావణి ఖర్చు. పెట్రోలియం ఈథర్ డబ్బాలు ఎప్పుడు వస్తాయో తెలియని కాలం. పని అయ్యాక ద్రావణిని వేరుగా స్వేదనం చేసి తిరిగి పట్టుకోవాలి. మాస్టారు సాక్స్‌లెట్ గది అడుగున, సైఫన్‌కు ఎదురుగా, ఒక చిన్న స్టాప్‌కాక్, అంటే గాజు కుళాయి, అతికారు. పూలు తీసేసి మళ్లీ మరిగిస్తే స్వచ్ఛమైన ద్రావణి పైగదిలో చేరుతుంది. సైఫన్ ఎత్తుకు రాకముందే కాక్ తిప్పి దూరంగా ఉన్న ఫ్లాస్క్‌లోకి పట్టుకోవడమే. సామాను విప్పనక్కరలేదు. మామూలు గ్రీజు పెట్రోలియం ఈథర్‌లో కరుగుతుంది కాబట్టి ఆ కాక్‌కు గ్లిజరిన్, పిండి, మానిటాల్ కలిపి కాచిన లేపనం రాసేవాళ్లం. దాన్ని ఉడికించే పని నాది.

*

సాయంత్రం మంట ఆర్పాక, చేతులు కడుక్కుని, టీ తాగుతూ ఆయన పాత పరికరాల కబుర్లు చెప్పేవారు. కిప్ పరికరమంటే ఆయనకు ప్రాణం. డెల్ఫ్ట్ ఊళ్లో మందుల వ్యాపారి పెట్రస్ యాకోబస్ కిప్ 1844 ప్రాంతంలో చేసింది. మూడు గోళాలు ఒకదాని మీద ఒకటి. మధ్యలో ఇనుప సల్ఫైడ్ ముక్కలు, పైన ఆమ్లం. కాక్ తెరిస్తే ఆమ్లం ముక్కలను తాకి వాయువు పుడుతుంది. కాక్ మూస్తే ఆ వాయువే ఆమ్లాన్ని వెనక్కి నెట్టేస్తుంది. చర్య దానంతట అది ఆగిపోతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ మొదలు. కరెంటు లేదు, స్ప్రింగు లేదు, కదిలే భాగమంటే ఆ కాక్ ఒక్కటే. "ఆకారంలోనే బుద్ధి పెట్టాడు" అనేవారు. డిగ్రీ విద్యార్థుల ల్యాబు వరండాలో కుళ్లిన కోడిగుడ్ల వాసన తగిలినప్పుడల్లా మాకు తిట్టుకోవాలనిపించేది. ఆయనకు ముచ్చటేసేది.

లీబిగ్ ఐదు బల్బుల గొట్టం గురించి కూడా చెప్పేవారు. 1831లో గీసెన్‌లో చేసిన ఆ త్రికోణపు గాజు ముక్కలో పొటాష్ ద్రావణం పోసి, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, ముందూ వెనకా తూచడంతో కర్బన పదార్థాల విశ్లేషణ ఒక్కసారిగా సులువైంది. అమెరికన్ కెమికల్ సొసైటీ చిహ్నంలోకి కూడా ఆ బల్బులు ఎక్కాయి. అదే లీబిగ్ పేరుతో చలామణి అయ్యే కండెన్సర్ మాత్రం ఆయన కనిపెట్టింది కాదు. అంతకు చాలా ముందే, 1771లో, వైగెల్ అటువంటిది వర్ణించాడు. లీబిగ్ వాడి ప్రచారం చేశాడు, పేరు ఆయనకు దక్కింది.

మాస్టారికి అన్నిటికన్నా ఇష్టమైన పేరు విగ్రో. ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ విగ్రో స్వయంగా గ్లాస్ బ్లోయర్. స్వేదనం చేసే గొట్టం గోడను వేడిచేసి, మొనదేలిన కడ్డీతో లోపలికి, కిందికి వాలుగా ముళ్లలా నొక్కాడు. ఆవిరి ఆ ముళ్లకు తగిలి, కొంత ద్రవమై, మళ్లీ ఆవిరై, ఒక్కో మెట్టు దాటేసరికి శుద్ధి అవుతుంది. 1904 నాటి ఆ కాలమ్ ఇవాళ్టికీ ప్రతి ప్రయోగశాలలో ఉంది. గాజు పనివాడి పేరు పరికరానికి నిలిచిపోయిందంటే మాస్టారి గొంతులో గర్వం తెలిసేది. మా గార్డు గొట్టంలో దూదిని ఆపిన మూడు గుంటలు విగ్రో నుంచి వచ్చినవే. తరువాత, కలిసి ఉన్న పదార్థాలను వేరుచేసే క్రొమటోగ్రఫీ కాలమ్‌లకూ అడుగున అవే గుంటలు పెట్టించుకున్నాను. రంధ్రాల గాజు బిళ్ల ఉన్న కాలమ్ అయితే మొక్కల జిగురుకు పూడుకుపోతుంది, దాన్ని కడగడం పెద్ద యాతన. గుంటల మీద దూది, దూది మీద ఇసుక, ఆ పైన సిలికా జెల్. పని అయ్యాక అంతా దులిపేసి కడిగితే సరి.

*

చిన్న చిన్నవి ఇంకా చాలా ఉన్నాయి. టీఎల్‌సీ (పలుచని పొర మీద పదార్థాలను వేరుచేసే క్రొమటోగ్రఫీ) పలకలను నిలబెట్టడానికి మేము హార్లిక్స్ సీసాలు వాడేవాళ్లం. ఆ రోజుల్లో పిల్లలున్న ఇళ్లన్నీ మాకు సరఫరాదారులే. పలకల మీద చల్లే గాజు పిచికారీలను మాస్టారు చేసి ఇచ్చేవారు. బజారువి చుక్కలు చుక్కలుగా కక్కితే, ఆయనవి మంచులా కురిసేవి.

వృక్షశాస్త్రం వాళ్లు లవంగాలు తెచ్చి నూనె తీయమన్నారు ఒకసారి. 1928 నాటి క్లెవెంజర్ పరికరం ఉండనే ఉంది. నీటితో మరిగిస్తే నూనె ఆవిరితో వచ్చి, చల్లబడి, నీటి మీద తేలుతుంది. నీరు పక్క గొట్టం గుండా వెనక్కి పోతుంది. నిమ్మగడ్డి నూనెకు బ్రహ్మాండంగా పనిచేసింది. లవంగాలకు మాత్రం గంటలు గడిచినా నూనె చేరదు. లవంగ నూనె నీటికన్నా బరువు. అది అడుగుకు దిగి నీటితో పాటు తిరిగి ఫ్లాస్క్‌లోకే పోతోంది. మాస్టారు వెనక్కి పోయే గొట్టాన్ని అడుగు నుంచి తీసి, ఎత్తులో అతికారు. బరువు నూనెలకు ఒకటి, తేలిక నూనెలకు ఒకటి. రెండింటికీ తెల్ల రంగుతో కింద బాణం, పైన బాణం గీసి పెట్టారు, మళ్లీ ఎవరూ తికమక పడకుండా.

*

ఆయన రిటైరయ్యాక ఆ ఉద్యోగాన్ని భర్తీ చేయలేదు. కొన్నాళ్లు గది తాళం వేసి ఉంది. తరువాత విరిగిన కుర్చీలు పెట్టారు. అప్పటికి కేటలాగులు వచ్చేశాయి, టెఫ్లాన్ కాక్‌లు వచ్చాయి, ఏది కావాలంటే అది పెట్టెల్లో దిగుతోంది. సౌకర్యమే, కాదనను. గ్రీజు లేని టెఫ్లాన్ కాక్ అంటే నాకూ ఇష్టమే. కానీ కేటలాగులో ఉన్నదాన్ని బట్టి ప్రయోగం మార్చుకోవడం అప్పుడే మొదలైంది. "నీరు చుక్కలా పడుతుందా, గోడ వెంట జారుతుందా?" అని అడిగేవారు లేరు. అడిగేవారు లేకపోతే స్టూలు వేసుకుని చూసేవారూ ఉండరు. మాకు పోయింది ఒక ఉద్యోగం కాదు, రెండు వృత్తులు ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే చోటు.

నేను హైదరాబాదు వచ్చేశాక నా పాత విద్యార్థిని ఒకామె తన ల్యాబుకు గార్డు గొట్టాలు కావాలని అడిగింది. వానాకాలంలో అదే పేచీ. నా దగ్గరున్న పాత నోటుబుక్కులో మాస్టారి సుద్ద బొమ్మకు నేను దించుకున్న నకలు ఉంది, కొలతలతో సహా. అది పట్టుకుని జీడిమెట్ల వైపు ఒక చిన్న గాజు పని దుకాణానికి ఇద్దరం వెళ్లాం. మందుల కంపెనీలకు పెద్ద సామాను చేసే చోటు. లేత్ మీద అడుగు వెడల్పు గొట్టాలు తిరుగుతున్నాయి. పనిచేస్తున్న అబ్బాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. బొమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బల్బు కింద చిన్న కాక్ పెడదామా మేడం? నీరు చేరినప్పుడు అక్కడే తీసేయొచ్చు" అన్నాడు.

వద్దన్నాను. ప్రతి కాక్ తేమకు ఇంకో దారి అవుతుంది. నా విద్యార్థిని మాత్రం, నెలల తరబడి నడిచే ప్రయోగాలకు బల్బు నిండిపోతుందని, తీసే దారి లేకపోతే మొత్తం విప్పవలసి వస్తుందని వాదించింది. ఆమె మాటా నిజమే. ఆ అబ్బాయి ఇద్దరి మాటా విని, పెన్సిలుతో బల్బును కాస్త కోలగా సాగదీశాడు. ఇప్పుడు మూడింతలు పడుతుందన్నాడు. కాక్ లేకుండా ఒకటి, కాక్‌తో ఒకటి చేసి ఇస్తానని, రెండింటినీ ఈ వానాకాలం పక్కపక్కనే పెట్టి చూడమని చెప్పాడు. కోను బి-24 కావాలా బి-19 కావాలా అని అడిగి రాసుకున్నాడు. బి-24 అన్నాం. దూది నిలిచే గుంటలు మాత్రం మూడే ఉండాలని, రెండయితే దూది ఒరిగిపోతుందని నేను మరీ మరీ చెప్పి వచ్చాను.